ఉష్ణోగ్రత చేతులు మారే చోట: జంట సిమ్యులేషన్లలో కంటికి కనిపించని మెట్టు

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లోని ప్రపంచ వాణిజ్య కేంద్రం జంట టవర్లు కూలిన సంగతి అందరికీ తెలుసు. అదే రోజు సాయంత్రం 5.20 గంటలకు ఆ సముదాయంలోనిదే మరో భవనం కూలింది. 47 అంతస్తుల ఆ ఏడో నంబరు భవనాన్ని ఏ విమానమూ ఢీకొట్టలేదు. ఉత్తర టవరు శకలాలు వచ్చి పడి అంటుకున్న మంటలు దాదాపు ఏడు గంటలపాటు ఆర్పేవారు లేక మండాయి. అందరినీ ముందే ఖాళీ చేయించడంతో అందులో ఎవరూ చనిపోలేదు. అయితే మంటల వల్ల అంత ఎత్తయిన ఉక్కు భవనం మొత్తంగా ఎందుకు కూలిందన్నది ఇంజినీర్లకు పెద్ద ప్రశ్నగా మిగిలింది. అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ ‘నిస్ట్’ 2008 నవంబరులో దీనిపై తుది నివేదిక ఇచ్చింది.

ఆ దర్యాప్తు ఒకే ఒక కంప్యూటర్ లెక్కతో జరగలేదు. గదుల్లో మంట ఎలా పాకిందో ఒక సిమ్యులేషన్ లెక్కించింది. ఆ మంటకు ఉక్కు ఎంత వేడెక్కిందో మరొకటి లెక్కించింది. వేడెక్కిన ఉక్కు ఎటు సాగింది, ఏ జోడింపు తెగింది అన్నది మూడోది లెక్కించింది. ఒకదాని ఫలితం తర్వాతిదానికి ముడిసరుకు అయింది. ఇంజినీరింగ్‌లో ఇది రోజూ జరిగే పనే. ఇంజన్లు, టర్బైన్లు, బ్రేకులు, రైలు పట్టాలు, ఉపగ్రహాలు, అణు ఇంధన కడ్డీలు, వెల్డింగ్ అతుకులు వంటి వాటన్నింటి భద్రతనూ ఇలాంటి జంట సిమ్యులేషన్లతోనే అంచనా వేస్తారు.

అయితే ఒక సిమ్యులేషన్ నుంచి మరోదానికి ఉష్ణోగ్రతలు చేరే మెట్టు మీద పడాల్సినంత దృష్టి పడదు. మొదటి లెక్క సరైనదే కావచ్చు, రెండోదీ సరైనదే కావచ్చు. మధ్యలో బదిలీ తప్పితే చివర వచ్చే సమాధానం తప్పే. పైగా అది తప్పుగా కనిపించదు. రంగురంగుల చిత్రంతో, దశాంశ స్థానాలతో నమ్మదగినట్టే ఉంటుంది.

రెండు లెక్కలు ఎందుకు

వేడెక్కడం, వంగడం ఒకే వస్తువులో ఒకేసారి జరుగుతాయి. అయినా కంప్యూటర్‌లో వాటిని విడదీయడానికి కారణముంది. ఈ పద్ధతిలో వస్తువును వేలాది, లక్షలాది చిన్న ముక్కలుగా విభజిస్తారు. ఆ ముక్కలే ఎలిమెంట్లు. అవి కలిసే బిందువులు నోడ్‌లు. మొత్తం అల్లికను మెష్ అంటారు. ఉష్ణ లెక్కలో ప్రతి నోడ్ దగ్గరా తెలియాల్సింది ఒక్కటే, ఉష్ణోగ్రత. నిర్మాణ లెక్కలో ప్రతి నోడ్ మూడు దిశల్లో ఎంత కదిలిందో తెలియాలి. దాని నుంచి స్ట్రెస్ అని ఇంజినీర్లు పిలిచే ప్రతిబలం తేలాలి. రెండో లెక్క చాలా బరువైనది.

ప్రభావం కూడా ఎక్కువగా ఒకే దిక్కున సాగుతుంది. వేడి మారితే లోహం పరిమాణం మారుతుంది, కొలవదగినంత మారుతుంది. లోహం కాస్త సాగినంత మాత్రాన దాని ఉష్ణోగ్రతలో వచ్చే మార్పు మాత్రం సాధారణంగా లెక్కలోకి తీసుకోనవసరం లేనంత చిన్నది. అందుకే ముందు ఉష్ణ స్టడీ పూర్తి చేసి, దాని ఫలితాన్ని నిర్మాణ స్టడీకి భారంగా అప్పగించడం ఆనవాయితీ. ‘భారం’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. రెండో స్టడీ దృష్టిలో ఉష్ణోగ్రత అంటే గాలి ఒత్తిడిలాగా, బరువులాగా పైనుంచి వచ్చి పడే ఒక శక్తి. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎలా లెక్కించారో ఆ స్టడీకి తెలియదు. ఇచ్చినదాన్ని నమ్మడమే దాని పని.

రైలు పట్టా చెప్పే పాఠం

ఈ నమ్మకం ఎంత ఖరీదైనదో రైలు పట్టా లెక్కతో తేలిగ్గా తెలుస్తుంది. ఉక్కు ఒక్కో డిగ్రీకి తన పొడవులో సుమారు లక్షకు 1.2 వంతు పెరుగుతుంది. కిలోమీటరు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే 48 సెంటీమీటర్లు సాగాలి. కానీ ఈ రోజుల్లో పట్టాలను ఖాళీలు లేకుండా పొడవుగా వెల్డింగ్ చేస్తున్నారు. సాగడానికి చోటు లేదు. సాగలేని ఉక్కులో ఆ సాగుదల అంతా ప్రతిబలంగా మారుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 2.4 మెగాపాస్కల్. 40 డిగ్రీలకు 96 మెగాపాస్కల్. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా అడ్డుకోత వైశాల్యం సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్క పట్టాలో పుట్టే నెట్టుడు దాదాపు 75 టన్నులు.

ఇక్కడ ‘40 డిగ్రీలు’ అంటే పట్టా ఉష్ణోగ్రత కాదు, తేడా. దేనితో తేడా? పట్టాలో ఏ ప్రతిబలమూ లేకుండా దాన్ని బిగించిన నాటి ఉష్ణోగ్రతతో. దీన్నే రిఫరెన్స్ ఉష్ణోగ్రత అంటారు. ఉష్ణ స్టడీ ఈ సంఖ్యను ఇవ్వదు, ఇవ్వలేదు. పట్టా ఇప్పుడు 60 డిగ్రీల వేడి మీద ఉందని మాత్రమే అది చెబుతుంది. పట్టా ఎక్కడి నుంచి 60కి వచ్చిందన్నది రెండో స్టడీలో మనిషి చేత్తో ఇవ్వాల్సిన సమాచారం.

ఒక పట్టాను 40 డిగ్రీల దగ్గర బిగించారనుకుందాం. వేసవి మధ్యాహ్నం అది 60 డిగ్రీలకు చేరితే తేడా 20, ప్రతిబలం 48 మెగాపాస్కల్. చలికాలం తెల్లవారుజామున 10 డిగ్రీలకు దిగితే తేడా 30, ఈసారి లాగుడు 72 మెగాపాస్కల్. ఇప్పుడు లెక్క వేసే వ్యక్తి రిఫరెన్స్‌ను మార్చకుండా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న 22 డిగ్రీలనే వదిలేశాడనుకుందాం. వేసవిలో నెట్టుడు 91 మెగాపాస్కల్‌గా, చలికాలంలో లాగుడు కేవలం 29 మెగాపాస్కల్‌గా కనిపిస్తాయి. ఎండకు పట్టా వంకరపోయే ప్రమాదం ఉన్నదానికంటే పెద్దదిగా, చలికి పగిలే ప్రమాదం ఉన్నదానికంటే చాలా చిన్నదిగా తేలుతుంది. రెండు సందర్భాల్లోనూ ఉష్ణోగ్రతలు సరైనవే. బదిలీ కూడా యాంత్రికంగా సరిగానే జరిగింది. తప్పిందల్లా సున్నా ఎక్కడ ఉందన్నది.

ఈ సున్నా విషయంలో సాఫ్ట్‌వేర్లు ఒక్కమాట మీద ఉండవు. ఆన్సిస్ వర్క్‌బెంచ్‌లో ముందుగా పెట్టి ఉండే విలువ 22 డిగ్రీల సెల్సియస్. సాలిడ్‌వర్క్స్ సిమ్యులేషన్‌లో 298 కెల్విన్, అంటే దాదాపు 25 డిగ్రీలు. అబాకస్‌లో ప్రారంభ ఉష్ణోగ్రత చెప్పకపోతే అది సున్నాగా తీసుకుంటుంది. పైగా అబాకస్‌కు సంఖ్యలే గాని యూనిట్లు తెలియవు. ఉష్ణ స్టడీని కెల్విన్‌లో నడిపి, ప్రారంభ ఉష్ణోగ్రత ఇవ్వడం మరిచిపోతే, 300 కెల్విన్ దగ్గర హాయిగా ఉన్న వస్తువు 300 డిగ్రీలు వేడెక్కినట్టు లెక్కలోకి వస్తుంది. కదలకుండా బిగించిన ఉక్కు కడ్డీలో అది 720 మెగాపాస్కల్. మామూలు నిర్మాణ ఉక్కు 250 దగ్గరే లొంగిపోతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే బయటపడుతుంది కాబట్టి ఒకరకంగా మేలు. 22కూ 25కూ మధ్య ఉండే తేడా లాంటివే ఎవరి కంటా పడకుండా నివేదికల్లోకి వెళ్లిపోతాయి.

ఒక మెష్ నుంచి మరో మెష్‌కు

రెండు స్టడీలకూ ఒకే మెష్ వాడితే బదిలీ సులువు. 1,000వ నోడ్ ఉష్ణోగ్రత 1,000వ నోడ్‌కే వెళ్తుంది. కానీ రెండు లెక్కలకు కావాల్సిన మెష్‌లు తరచూ వేరు. వేడి ఎక్కడ వేగంగా మారుతుందో అక్కడ ఉష్ణ స్టడీకి సన్నని అల్లిక కావాలి. మూలలు, రంధ్రాలు, అతుకుల దగ్గర ప్రతిబలం పోగవుతుంది కాబట్టి నిర్మాణ స్టడీకి అక్కడ సన్నని అల్లిక కావాలి. ఈ రెండు చోట్లూ ఒకటి కానవసరం లేదు. తరచూ రెండు స్టడీలనూ వేర్వేరు బృందాలు, వేర్వేరు సాఫ్ట్‌వేర్లతో చేస్తాయి.

అప్పుడు కొత్త మెష్‌లోని ప్రతి నోడ్‌కూ పాత మెష్‌లో దాని చోటు వెతకాలి. దీనికి రెండు దారులు ఉన్నాయి. అన్నింటికంటే దగ్గరున్న పాత నోడ్ విలువను తెచ్చి అంటించడం ఒకటి. కొత్త నోడ్ పాత మెష్‌లోని ఏ ఎలిమెంట్ లోపల పడిందో కనుక్కుని, దాని మూలల విలువల నుంచి దూరాన్ని బట్టి మధ్య విలువ కట్టడం రెండోది. రెండోదే మెరుగు. మొదటిదానితో ఉష్ణోగ్రత మెట్లు మెట్లుగా మారి, లేని చోట ప్రతిబలం పుట్టుకొస్తుంది.

పలుచని భాగాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. గ్యాస్ టర్బైన్ బ్లేడు వెలుపల లోహం కరిగే స్థాయిని మించిన వాయువులు వీస్తుంటాయి. లోపలి సన్నని మార్గాల్లో చల్లని గాలి పారుతుంటుంది. మధ్య గోడ చాలా పలుచన. ‘దగ్గరి నోడ్’ కోసం వెతికే ప్రోగ్రాం ఆ గోడకు అవతలివైపు నోడ్‌ను, లేదా గాలి మార్గం దాటి ఎదుటి గోడ నోడ్‌ను పట్టుకోవచ్చు. కొలిచే దూరం ప్రకారం అది దగ్గరే, వేడి ప్రయాణించే దారి ప్రకారం మాత్రం చాలా దూరం.

ఇంకో చిక్కు చోటు దొరకని నోడ్‌లది. నిర్మాణ స్టడీలో బోల్టులు ఉంటాయి, ఉష్ణ స్టడీలో అవి ఉండకపోవచ్చు. ఒక మోడల్ మీటర్లలో, మరొకటి మిల్లీమీటర్లలో ఉండవచ్చు. ఒకదాని మూలబిందువు కాస్త జరిగి ఉండవచ్చు. అప్పుడు కొన్ని నోడ్‌లకు విలువే అందదు. చాలా సాఫ్ట్‌వేర్లు అక్కడ ఆగిపోవు. ఒక హెచ్చరిక రాసి, ఆ నోడ్‌లను రిఫరెన్స్ ఉష్ణోగ్రత దగ్గరే ఉంచి ముందుకు సాగుతాయి. 400 డిగ్రీల లోహం మధ్యలో 22 డిగ్రీల మచ్చ మిగులుతుంది. వేడి భాగం సాగాలనుకుంటుంది, చల్లని మచ్చ అడ్డుపడుతుంది. లెక్కలో అక్కడ భారీ ప్రతిబలం కనిపిస్తుంది. నిజ వస్తువులో అది లేదు.

ఎలిమెంట్ల రకం కూడా చూసుకోవాలి. రెండు చోట్లా మధ్య నోడ్‌లున్న ద్వితీయ క్రమ ఎలిమెంట్లు వాడితే ఇంకా కచ్చితంగా వస్తుందని అనిపిస్తుంది. కానీ సాగుదల అనేది కదలిక మారే రేటు. కదలిక వక్రంగా మారితే సాగుదల సరళ రేఖలా మారుతుంది. ఉష్ణోగ్రత కూడా వక్రంగా మారితే, వేడి కోరే సాగుదల వక్రంగా, ఎలిమెంట్ ఇవ్వగలిగేది సరళంగా ఉంటాయి. ఆ పొంతన లేమి ప్రతిబలంలో అలలుగా బయటపడుతుంది. అందుకే నిర్మాణ స్టడీలో వాడే క్రమానికి ఒక మెట్టు తక్కువ క్రమంలో ఉష్ణోగ్రతను తీసుకోవడం మేలన్నది పాత సలహా.

ఏ క్షణం ఉష్ణోగ్రత?

దళసరి గాజు గ్లాసులో మరిగే టీ పోస్తే అది పగిలేది మొదటి కొన్ని క్షణాల్లోనే. గ్లాసు అంతా వేడెక్కాక కాదు. లోపలి పొర వేడై సాగాలని చూస్తుంది, వెలుపలి పొర ఇంకా చల్లగా ఉండి కదలనివ్వదు. ఆ తేడా ఎక్కువగా ఉన్నప్పుడే ప్రతిబలం గరిష్ఠం. కాసేపటికి గ్లాసు మొత్తం ఒకే వేడికి వచ్చాక ప్రమాదం తగ్గుతుంది.

ఆవిరి టర్బైన్ దళసరి కవచానికి, ఇంజన్ సిలిండర్ హెడ్‌కు ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎక్కువ ప్రతిబలం చాలాసార్లు యంత్రం వేడెక్కే దశలోనో, చల్లారే దశలోనో వస్తుంది. స్థిరంగా నడిచే దశలో కాదు. అందువల్ల ఉష్ణ స్టడీలోని చివరి క్షణాన్నో, అన్నింటికంటే వేడిగా ఉన్న క్షణాన్నో తీసుకుని నిర్మాణ స్టడీకి ఇస్తే అసలు ప్రమాద క్షణం తప్పిపోవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో ‘చివరి ఫలితం’ అన్నదే ముందుగా ఎంచి ఉండడం ఈ పొరపాటుకు దారి వేస్తుంది.

లోహం లొంగి శాశ్వతంగా వంగే సందర్భాల్లో ఒక్క క్షణం చిత్రం ఏమాత్రం సరిపోదు. వెల్డింగ్ దీనికి మంచి ఉదాహరణ. అతుకు చల్లారాక మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది. అయినా లోపల ప్రతిబలాలు మిగిలిపోతాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చివరి ఉష్ణోగ్రత చెప్పలేదు. కరగడం నుంచి చల్లారడం వరకు చరిత్ర అంతా వరుస తప్పకుండా బదిలీ కావాలి.

ఏడో నంబరు భవనం లెక్క

నిస్ట్ దర్యాప్తు ఈ సమస్యలన్నింటినీ పెద్ద ఎత్తున ఎదుర్కొంది. మంటలకు ఆ సంస్థ తయారుచేసిన ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్‌ను వాడారు. అది గదిలోని గాలిని చిన్న చిన్న గళ్లుగా విభజించి వేడి వాయువుల ప్రవాహాన్ని లెక్కిస్తుంది. నిర్మాణానికి ఆన్సిస్, ఎల్‌ఎస్-డైనా వాడారు. గాలి మోడల్‌లో ఉక్కు దూలాల వివరాలు ఉండవు, దూలాల మోడల్‌లో గాలి ఉండదు. వాయువుల ఉష్ణోగ్రత క్షణక్షణానికీ ఊగుతుంది. అగ్నిరక్షణ పూత కింద ఉన్న ఉక్కు నిమిషాలు, గంటల లెక్కన వేడెక్కుతుంది.

ఈ రెండింటి మధ్య వంతెనగా నిస్ట్ పరిశోధకులు కుల్దీప్ ప్రసాద్, హోవర్డ్ బామ్ ‘ఫైర్ స్ట్రక్చర్ ఇంటర్‌ఫేస్’ అనే పద్ధతిని జంట టవర్ల దర్యాప్తు కోసం రూపొందించారు. వాయువుల విలువలను ఉక్కు మీదికి నేరుగా కాపీ చేయడం దాని ఉద్దేశం కాదు. గది పైభాగంలో నిలిచే వేడి పొగ పొర, కింద చల్లని పొర అని విడదీసి, కాల సగటు, స్థల సగటు తీసి, ఆ పొరల నుంచి ఉక్కుకు చేరే రేడియేషన్‌ను లెక్కిస్తుంది. ఏ వివరం తర్వాతి లెక్కకు అవసరమో, ఏది అనవసరపు ఊగిసలాటో తేల్చుకున్నాకే బదిలీ జరిగింది.

మంట లెక్కలో అనిశ్చితి ఉంటుందని నిస్ట్‌కు తెలుసు. అందుకే ఏడో నంబరు భవనానికి ఒకే ఉష్ణోగ్రత చరిత్రను కాక మూడింటిని ముందుకు పంపారు. ఒకటి లెక్కించిన వాయు ఉష్ణోగ్రతలతో, ఒకటి వాటిని 10 శాతం పెంచి, మరొకటి 10 శాతం తగ్గించి. మూడింటిలోనూ దెబ్బతిన్న తీరు దాదాపు ఒకటేనని, అది జరిగే సమయమే మారిందని తేలాక ఒకదాన్ని ఎంచుకుని తర్వాతి దశకు వెళ్లారు. ముందు 16 అంతస్తుల ఆన్సిస్ మోడల్‌లో వేడి వల్ల తెగిన జోడింపులను గుర్తించారు. ఆ నష్టాన్ని, ఉష్ణోగ్రతలను 47 అంతస్తుల ఎల్‌ఎస్-డైనా మోడల్‌కు ఆరంభ స్థితిగా అందించారు.

నివేదిక తేల్చిన కారణం ఉష్ణోగ్రతల బదిలీ ఎంత కీలకమో చెబుతుంది. ఉక్కు మెత్తబడి కూలిందన్నది మామూలు ఊహ. నిస్ట్ చెప్పింది వేరు. పొడవైన నేల దూలాలు వేడికి సాగి, 13వ అంతస్తులో 79వ స్తంభానికి ఆనిన ప్రధాన దూలాన్ని దాని పీట మీంచి పక్కకు నెట్టాయి. ఆ నేల పడింది. దాని కింది నేలలు వరుసగా అయిదో అంతస్తు దాకా పడ్డాయి. పక్క ఆసరా పోయిన 79వ స్తంభం వంగిపోయింది. దాని వెంట భవనమంతా వెళ్లింది. ఇది జరిగిన ఉష్ణోగ్రతలు, అగ్ని నిరోధక డిజైన్‌లో మామూలుగా చూసే స్థాయికంటే వందల డిగ్రీలు తక్కువని నివేదిక పేర్కొంది.

ఈ తేడాను భారతీయ ప్రమాణంతో పోల్చి చూడవచ్చు. ఉక్కు నిర్మాణాలకు సంబంధించిన ఐఎస్ 800 ప్రమాణం 2007 ముద్రణలో 16వ విభాగం అగ్ని నిరోధానిది. వేడెక్కిన ఉక్కు లొంగుబాటు బలం ఎంత మిగులుతుందో అందులో ఒక సూత్రం ఉంది. 905 నుంచి ఉష్ణోగ్రతను తీసేసి 690తో భాగించాలి. దాని ప్రకారం 215 డిగ్రీల దాకా బలం తగ్గదు. 560 డిగ్రీల దగ్గర సగం మిగులుతుంది. కానీ సాగడం 215 డిగ్రీల దాకా ఆగదు, మొదటి డిగ్రీతోనే మొదలవుతుంది. 15 మీటర్ల దూలం 300 డిగ్రీలు వేడెక్కితే అయిదు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. అప్పటికి ఆ సూత్రం ప్రకారం దానిలో అధిక భాగం బలం అలాగే ఉంటుంది. దూలం ఎంత సాగుతుంది, ఏ దిక్కుకు నెడుతుంది అన్నది తెలియాలంటే అంతస్తు అంతటా ఎక్కడ ఎంత వేడి ఉందో నిర్మాణ స్టడీకి సరిగా చేరాలి. ఒక్క గరిష్ఠ ఉష్ణోగ్రత చాలదు. వ్యాకోచం ప్రభావాన్ని కూడా కలిపి కట్టడాల అగ్ని సామర్థ్యాన్ని ప్రత్యేకంగా పరిశీలించాలని నిస్ట్ సిఫార్సు చేసింది.

ఒకవైపు దారి చాలనప్పుడు

వేడి నుంచి బలానికి ఒకేవైపు సాగే ఈ పద్ధతి అన్ని చోట్లా పనికిరాదు. బ్రేకు డిస్కులో రాపిడి వేడిని పుట్టిస్తుంది. వేడెక్కిన చోట లోహం కాస్త ఉబ్బుతుంది. ఉబ్బిన చోట ప్యాడ్ మరింత గట్టిగా ఒత్తుకుంటుంది, ఇంకా వేడి పుడుతుంది. చివరకు డిస్కు మీద నల్లని మచ్చలు ఏర్పడతాయి. ఈ అస్థిరతను జె.ఆర్. బార్బర్ 1969లోనే విశ్లేషించారు. ఇక్కడ వంపు తిరిగి వేడిని మారుస్తుంది కాబట్టి రెండు లెక్కలూ అడుగడుగునా ఒకదానికొకటి సమాచారం ఇచ్చుకోవాలి.

అణు రియాక్టర్ ఇంధన కడ్డీలోనూ ఇంతే. ఇంధన గుళిక వేడెక్కి ఉబ్బితే దానికీ బయటి గొట్టానికీ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే వేడి తేలిగ్గా బయటకు పోతుంది, గుళిక ఉష్ణోగ్రత దిగుతుంది. ముందు ఉష్ణ స్టడీ పూర్తిగా చేసి తర్వాత బదిలీ చేస్తే ఈ ఉపశమనం లెక్కలోకే రాదు. అందుకే బదిలీకి ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: వస్తువు వంగితే వేడి దారి మారుతుందా? మారుతుందంటే ఒకవైపు బదిలీ చాలదు.

సరిచూసుకునే దారులు

బదిలీని సరిచూడడానికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. నాలుగైదు చిన్న పరీక్షలు చాలా తప్పులను పట్టిస్తాయి.

మొదటిది స్వేచ్ఛా వ్యాకోచ పరీక్ష. ఒకే పదార్థంతో ఉన్న మోడల్‌ను ఎక్కడా బిగించకుండా, దొర్లిపోకుండా మాత్రమే పట్టి ఉంచి, మొత్తానికీ ఒకే ఉష్ణోగ్రత ఇవ్వాలి. ప్రతిబలం దాదాపు సున్నా రావాలి. కదలిక చేత్తో కట్టిన లెక్కకు సరిపోవాలి. రాకపోతే రిఫరెన్స్ ఉష్ణోగ్రతో, యూనిట్లో, వ్యాకోచ గుణకమో తప్పు.

రెండోది, బదిలీ తర్వాత నిర్మాణ స్టడీలోని ఉష్ణోగ్రత చిత్రాన్ని గీయించి, ఉష్ణ స్టడీ చిత్రంతో పక్కపక్కన పెట్టి చూడడం. రెండింటికీ ఒకే రంగుల కొలబద్ద ఉండాలి. కనిష్ఠం, గరిష్ఠం సరిపోవాలి. గరిష్ఠమే కాదు, కనిష్ఠాన్ని కూడా చూడాలి. చోటు దొరకని నోడ్‌ల చల్లని మచ్చలు బయటపడేది అక్కడే.

మూడోది, చోటు దొరకని నోడ్‌లు ఎన్ని అన్న సంఖ్యను హెచ్చరికల ఫైలు నుంచి తీసి నివేదికలో రాయడం. సున్నా అయితే సున్నా అని రాయాలి.

నాలుగోది, ఒకే క్షణాన్ని కాక కనీసం మూడు నాలుగు క్షణాలను బదిలీ చేసి ప్రతిబలం కాలంతోపాటు ఎలా మారుతుందో చూడడం. గరిష్ఠం రెండు క్షణాల మధ్య పడిందేమోనన్న అనుమానం ఉంటే అక్కడ అడుగులు దగ్గర చేయాలి.

అయిదోది నిస్ట్ చేసినట్టు ఉష్ణోగ్రతలను కాస్త పెంచి, కాస్త తగ్గించి మళ్లీ నడపడం. 10 శాతం మార్పుతో వైఫల్యం తీరే మారిపోతే ఆ నిర్ణయం బలహీనమైన పునాది మీద ఉన్నట్టు. తీరు అదే ఉండి సమయమో, పరిమాణమో మాత్రమే మారితే దాన్ని కొంత నమ్మవచ్చు.

నివేదికలో ఉండాల్సినవి

హైదరాబాద్, బెంగళూరు, పుణె, చెన్నైల్లోని ఇంజినీరింగ్ సేవల సంస్థల్లో ఎందరో యువ ఇంజినీర్లు విదేశీ, స్వదేశీ కంపెనీల కోసం ఇలాంటి స్టడీలు చేస్తున్నారు. వారిలో తెలుగువారూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. తరచూ ఉష్ణ స్టడీ ఒక నగరంలో, నిర్మాణ స్టడీ మరో నగరంలో, తుది సంతకం మరో దేశంలో జరుగుతాయి. చేతులు మారే ఫైలులో ఉష్ణోగ్రతలు మాత్రమే ఉంటాయి. వాటి వెనుక ఉన్న ఊహలు ఫైలుతోపాటు ప్రయాణించవు, ఎవరో ఒకరు రాసి పంపాలి.

అందువల్ల ఉష్ణోగ్రతలు అప్పగించే నివేదికలో కనీసం ఇవి ఉండాలి: ఏ యూనిట్లు, ఏ రిఫరెన్స్ ఉష్ణోగ్రత, అది ఎందుకు, ఏ క్షణాలు, వాటిని ఎంచుకున్న కారణం, ఏ మెష్ నుంచి ఏ మెష్‌కు ఏ పద్ధతిలో మార్చారు, చోటు దొరకని నోడ్‌లు ఎన్ని, వంపు వల్ల వేడి మారదని ఎలా తేల్చుకున్నారు. ఇవన్నీ కలిపినా ఒక పేజీ దాటవు. ఆ పేజీ లేని జంట సిమ్యులేషన్‌లో రెండు సగాలూ సరిగా ఉన్నా, మొత్తం సరిగా ఉందని చెప్పడానికి ఆధారం ఉండదు.